రామగుండం లెక్క

వాతావరణ మార్పు మాట వచ్చిందంటే మన ఆలోచన రెండు చోట్లకు పోతుంది. ఒకటి, ఉత్తర ధ్రువంలో కరిగే మంచు. రెండోది, మన ఇంట్లో ఆర్పడం మరిచిన లైటు. మొదటిది మన చేతికి అందనంత దూరం. రెండోది ఎన్నిసార్లు ఆర్పినా లెక్కకు రానంత చిన్నది. ఈ రెండింటి నడుమ బొగ్గు, చమురు, గ్యాసు కోట్ల టన్నుల్లో తవ్వి అమ్మే కంపెనీలు, కాల్చి కరెంటు చేసే కంపెనీలు ఉన్నాయి. వాటి ఊసు అంతగా రాదు. వచ్చినా మొక్కలు నాటుతున్న అధికారుల ఫొటోతోనో, పొగ చిమ్మే గొట్టం బొమ్మతోనో ఆగిపోతుంది. ఈ పూట ఆ కంపెనీల సంగతి కొంచెం నిదానంగా, అంకెలు దగ్గర పెట్టుకొని చూద్దాం. ఇందుకు అమెరికా దాకా పోనక్కర లేదు. మన జగిత్యాల జిల్లా కథలాపూర్ నుంచి తూర్పుకు నూరు కిలోమీటర్లు అటూ ఇటూ పోతే రామగుండం వస్తుంది.

ముందు ఒక మాట. ఎండలు ముదిరాయన్నది మన అనుమానమేమీ కాదు. దేశంలో 1901 నుంచి ఉన్న రికార్డులలో 2024 అన్నిటికంటే వేడి సంవత్సరమని భారత వాతావరణ శాఖ లెక్క తేల్చింది. ప్రపంచం మొత్తానికి చూసినా అదే ఏడాది, పారిశ్రామిక యుగానికి ముందున్న సగటును 1.5 డిగ్రీలు దాటిన మొదటి సంవత్సరమైంది. జగిత్యాల మామిడి తోటలో పూత నిలుస్తుందా, మెట్‌పల్లి వైపు కల్లంలో ఉడకబెట్టి ఆరబోసిన పసుపు తడవకుండా ఇంటికి చేరుతుందా, యాసంగి వరి కోతకు వచ్చిన వారంలో వడగళ్లు పడతాయా అన్న మూడు బెంగలకూ ఆకాశమే మూలం. ఆ ఆకాశంలోకి ఎవరు ఎంత పంపారన్నదే ఇప్పుడు అడగవలసిన సంగతి.

రిచర్డ్ హీడే అనే అమెరికా పరిశోధకుడు 2013లో ఒక లెక్క బయటపెట్టాడు. 1751 నుంచి 2010 వరకు పరిశ్రమల నుంచి వెలువడిన కార్బన్ డై ఆక్సైడ్, మీథేన్‌లలో దాదాపు 63 శాతం మూలాలు 90 సంస్థల దగ్గర తేలాయి. అందులో ప్రైవేటు చమురు కంపెనీలున్నాయి, సిమెంటు కంపెనీలున్నాయి, మన కోల్ ఇండియా లాంటి ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి. ఈ అంకెను చాలామంది తప్పుగా చదువుతారు. ఆ 90 సంస్థల గొట్టాల నుంచే పొగంతా వచ్చిందని దాని అర్థం కాదు. అవి తవ్వి అమ్మిన సరుకును ఇతరులు కాల్చినప్పుడు వచ్చిన పొగ కూడా అందులో కలిసే ఉంది. మన బైకులో కాలిన పెట్రోలూ ఉంది, మన మోటరు తిప్పిన కరెంటు కోసం కాలిన బొగ్గూ ఉంది. కాబట్టి ‘కంపెనీలే దోషులు, మనం అమాయకులం’ అని ఈ లెక్కతో తేల్చలేం. తేలేది మరొకటి. కోట్ల మంది చేతుల్లో చిల్లరగా చెదిరిపోయిన పొగ, ఒక దశలో మాత్రం కొద్దిమంది బల్లల మీద సంతకాల రూపంలో కనబడుతుంది. ఏ గని తెరవాలి, ఏ బాయిలరు కొనాలి, ఏది ఎన్నేళ్లు నడపాలి అన్నది అక్కడే నిశ్చయమవుతుంది. పట్టుకోవాలంటే పట్టు దొరికేదీ అక్కడే.

ఇక రామగుండం. ఎన్టీపీసీ బొగ్గు విద్యుత్ కేంద్రానికి 1978లో శంకుస్థాపన జరిగింది. 1983లో మొదటి యూనిట్ కరెంటు ఇచ్చింది. 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు, వెరసి 2600 మెగావాట్లు. బొగ్గు పక్కనే ఉన్న సింగరేణి ఇస్తుంది. నీళ్లు గోదావరి ఇస్తుంది. ఆ కేంద్రం జలాశయం మీద 2022 జూలై నుంచి మరో రకం కరెంటు కూడా పుడుతోంది. దాదాపు 500 ఎకరాల నీటి మీద తేలే సౌర పలకలు పరిచారు. 100 మెగావాట్లను 40 బ్లాకులుగా విడదీశారు. ఒక్కో బ్లాకు 2.5 మెగావాట్లు, ఒక్కోదానికి 11,200 పలకలు. పలకలు గట్టి ప్లాస్టిక్ తెప్పల మీద కూర్చుంటాయి. ఇన్వర్టరు, ట్రాన్స్‌ఫార్మరు కూడా నీటి మీది తెప్పలోనే ఉంటాయి. గాలికి కొట్టుకుపోకుండా జలాశయం అడుగున బరువైన దిమ్మెలు వేసి తాళ్లతో కట్టారు. ఖర్చు 423 కోట్లు. సెంటు భూమి సేకరించే పని పడలేదు, ఒక్క ఊరు కదలలేదు. పలకల నీడ వల్ల ఏటా 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని, ఆ కరెంటు వల్ల 1,65,000 టన్నుల బొగ్గు ఆదా అవుతుందని, 2,10,000 టన్నుల కార్బన్ డై ఆక్సైడ్ తగ్గుతుందని అప్పట్లో ప్రకటించారు.

పని చక్కగా ఉంది, మెచ్చుకోవలసిందే. ఇంజినీర్ల పనితనం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. అయితే అదే ఒడ్డున నిలబడి రెండో అంకె కూడా రాయాలి. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు చేస్తే కిలోకు కాస్త తక్కువగా కార్బన్ డై ఆక్సైడ్ వెలువడుతుంది. 2600 మెగావాట్ల కేంద్రం ఏడాదిలో నూటికి డెబ్బై పాళ్లు నడిచిందనుకుంటే 1,590 కోట్ల యూనిట్లు వస్తాయి. అంటే ఉరామరికగా కోటిన్నర టన్నుల కార్బన్ డై ఆక్సైడ్. దాని పక్కన ఆ 2,10,000 టన్నులు పెట్టండి. నూటికి ఒకటిన్నర పాలు కూడా రాదు. ఇంతటితో అయిపోలేదు. అదే ఆవరణలో తెలంగాణ సూపర్ థర్మల్ కేంద్రం పేరిట 800 మెగావాట్ల కొత్త బొగ్గు యూనిట్లు రెండు వచ్చాయి. మొదటిదాన్ని 2023 అక్టోబరులో ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు, రెండోది మరుసటి ఏడాది మొదలైంది. కొత్తవి గనక యూనిట్‌కు తక్కువ బొగ్గు కాలుస్తాయి, ఆ మేరకు మేలే. అయినా ఆ రెండూ కలిసి ఏటా 80 లక్షల టన్నుల చుట్టూ పంపుతాయి. నీటి మీది పలకలు ఏడాదంతా తగ్గించినదానికి ఇది ముప్పై, నలభై రెట్లు. రెండో దశ కింద మరో 2400 మెగావాట్ల ప్రతిపాదన కూడా ఉంది.

నా వాదన ఈ రెండు అంకెల నడుమ ఉంది. పెద్ద కంపెనీ వాతావరణానికి ఏం చేసిందన్నది అది కొత్తగా చేసిన మంచి పనితో కొలవకూడదు. అది రోజూ చేసే అసలు వ్యాపారంలో ఎంత తగ్గింది, ఎప్పటికల్లా తగ్గుతుంది, తగ్గకపోతే ఎవరు అడుగుతారు అన్న మూడింటితో కొలవాలి. మంచితనం మీద ఆధారపడిన హామీ ధర మారిన నాడు మారిపోతుంది. ఇందుకు సాక్ష్యాలు కావలసినన్ని. బ్రిటిష్ చమురు సంస్థ బీపీ 2030 నాటికి తన చమురు, గ్యాసు ఉత్పత్తిని 40 శాతం తగ్గిస్తానని 2020లో ప్రకటించింది. 2023లో దాన్ని 25 శాతానికి దించింది. 2025 ఫిబ్రవరిలో ఆ లక్ష్యమే తీసేసింది. మైక్రోసాఫ్ట్ 2030 కల్లా తాను విడిచేదానికంటే ఎక్కువ కార్బన్‌ను తొలగిస్తానని 2020లో చెప్పింది. కొత్త డేటా కేంద్రాల పుణ్యమా అని 2023 నాటికి దాని ఉద్గారాలు ఆ 2020 లెక్క కంటే 29 శాతం పెరిగాయి. గూగుల్‌వి 2019తో పోలిస్తే 48 శాతం పెరిగాయి. ఈ అంకెలు కంపెనీలు తమంతట తామే తమ నివేదికల్లో రాసుకున్నవి. గూగుల్ ఇప్పుడు విశాఖపట్నంలో, ఇంకా కొన్ని కంపెనీలు హైదరాబాదు చుట్టూ డేటా కేంద్రాలు కడుతున్నాయి గనుక ఇవి మనకు పొరుగూరి ముచ్చట్లు కావు. చమురు కంపెనీల వ్యవహారం మరీ విచిత్రం. ఎక్సాన్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు 1977 నుంచి వేసిన అంచనాలు భూమి వేడెక్కిన తీరుతో చాలావరకు సరిపోయాయని 2023లో ‘సైన్స్’ పత్రిక ప్రచురించిన పరిశోధన తేల్చింది. లోపల తెలిసింది ఒకటి, బయట దశాబ్దాల పాటు పలికింది మరొకటి.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. కంపెనీ తన ఇష్టానికి బొగ్గు కాలుస్తోందా, మనం కరెంటు అడుగుతున్నాం గనుక కాలుస్తోంది గానీ అని. అందులో నిజముంది. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. పంపుసెట్లు ముప్పై లక్షలకు చేరువగా ఉన్నాయి. 2025 మార్చిలో రాష్ట్ర గరిష్ఠ డిమాండు 17,000 మెగావాట్లు దాటింది. మార్చి అంటే యాసంగి వరికి నీళ్లు పారే నెల. కానీ చూడండి, కథలాపూర్ రైతు స్టార్టరు నొక్కినప్పుడు అందులో బొగ్గు కరెంటుకు ఒక మీట, సౌర కరెంటుకు ఇంకో మీట లేవు. తీగలో ఏది వస్తే అదే. ఏది రావాలన్నది పంపిణీ సంస్థ డిస్కమ్‌కూ ఎన్టీపీసీకీ మధ్య కుదిరే ఇరవై అయిదేళ్ల ఒప్పందం తేలుస్తుంది. అందులో రైతు సంతకం ఉండదు. పైగా పంపుసెట్టు పగటి పూట నడిస్తే చాలు, అర్ధరాత్రి నడవనక్కర లేదు. రాత్రి కరెంటుకు బావి కాడికి పోయి పాము కాటుకో, షాకుకో గురైన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఏ ఊరికి పోయినా ఉంటాయి. పగలు ఎండ ఉంటుంది, పగలే నీళ్లు కావాలి. ఇంత సూటిగా కుదిరే జత ఇంకొకటి లేదు. మహారాష్ట్ర ఈ పని మొదలుపెట్టింది. వ్యవసాయ ఫీడర్లన్నిటికీ పగటి సౌర విద్యుత్తు ఇవ్వాలని 16,000 మెగావాట్ల పథకం పెట్టి, సబ్‌స్టేషన్ల పక్కన చిన్న చిన్న కేంద్రాలు కట్టమని టెండర్లు పిలిచింది. యూనిట్ మూడు రూపాయల చుట్టూ కోట్ చేసి కంపెనీలు వచ్చాయి. ఆ కంపెనీలకు ఉన్నట్టుండి భూమి మీద ప్రేమ పుట్టి రాలేదు. పని ఖాయం, ధర ఖాయం, కొనేవాడు ఖాయం అని తెలిసి వచ్చాయి.

రెండో అభ్యంతరం దేశం పేరిట వస్తుంది. మనిషికి ఇంత అని పంచితే భారతీయుడి ఉద్గారాలు రెండు టన్నుల చుట్టూ ఉంటే అమెరికా వాడివి దానికి ఆరేడు రెట్లు, మరి ముందు తగ్గవలసింది ఎవరు అని. దేశాల మధ్య మాట్లాడేటప్పుడు ఈ మాట నూటికి నూరుపాళ్లు న్యాయం. అంతర్జాతీయ సభల్లో మన ప్రతినిధులు అలా అనకపోతేనే తప్పు. అయితే ఆ సగటు తక్కువగా ఎందుకుందో ఆలోచించాలి. బీడీలు చుట్టుకొని బతికే కోరుట్ల ఆడమనిషి, రెండెకరాల రైతు, సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటలు నిలబడే సిరిసిల్ల కార్మికుడు తక్కువ వాడతారు గనుక అది తక్కువగా ఉంది. వాళ్ల తక్కువతనాన్ని గొడుగులా పట్టుకొని దాని కింద కంపెనీలు నిలబడడం న్యాయం కాదు.

అసలు బరువైన అభ్యంతరం మూడోది. రాత్రి ఎండ ఉండదు, సాయంత్రం ఏడింటికి ఊళ్లన్నీ ఒకేసారి దీపాలు, ఫ్యాన్లు వేస్తాయి, అప్పుడు బొగ్గు లేకుండా ఎట్లా అని. దీన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్ల మాట నేను నమ్మను. 100 మెగావాట్ల సౌర కేంద్రం ఏడాది సగటున ఇచ్చేది ఇరవై మెగావాట్ల పనే. 1600 మెగావాట్ల బొగ్గుకు బదులు ఐదారు వేల మెగావాట్ల పలకలు కావాలి, దాచుకునే ఏర్పాటు కూడా కావాలి. దాచుకోవడం మాత్రం మనకు కొత్త విద్య కాదు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి. అవి కరెంటు చేయనూ గలవు, మిగులు కరెంటుతో నీటిని తిరిగి పైకి తోడనూ గలవు. నాగార్జునసాగర్‌లోనూ అలాంటి యంత్రాలున్నాయి. హైదరాబాదు కేంద్రంగా ఉన్న గ్రీన్‌కో కంపెనీ నంద్యాల జిల్లా పిన్నాపురంలో ఇదే సూత్రం మీద 1680 మెగావాట్ల కేంద్రం కట్టింది. బ్యాటరీల ధరలు కూడా గత రెండు మూడేళ్లలో బాగా దిగాయి. ఇంకొకటి, విభజన చట్టం. తెలంగాణలో 4000 మెగావాట్ల కేంద్రం ఎన్టీపీసీ కట్టాలని 2014 పునర్విభజన చట్టంలోనే రాసుంది. కరెంటు కోతలతో పైర్లు ఎండిన రోజుల్లో పోరాడి రాయించుకున్న హక్కు అది. దాన్ని వదులుకొమ్మని ఎవరూ అనకూడదు. కాకపోతే ఒక రాష్ట్రానికి 2014లో కావలసిన కరెంటు బొగ్గుతో తప్ప వచ్చేది కాదు. గుజరాత్ టెండరులో 2020 డిసెంబరు నాటికే సౌర విద్యుత్తు యూనిట్ రూపాయి 99 పైసలకు దిగింది. హక్కు మెగావాట్ల మీద ఉంది గానీ, బొగ్గు మీద లేదు కదా. మిగిలిన వాటాను నిల్వతో కూడిన సౌర విద్యుత్తుగా ఇవ్వమని అడిగే వీలుందా, ఉంటే ఖరీదెంత అన్నది పక్కపక్కన పెట్టి చూపించవలసిన బాధ్యత కంపెనీది.

ఉద్యోగాల సంగతి ఎత్తకుండా గోదావరిఖని వైపు ఎవరూ మాట్లాడలేరు, మాట్లాడకూడదు కూడా. బొగ్గు తగ్గితే సింగరేణి బతుకులేం కావాలి? కంపెనీ చరిత్రే కొంత జవాబు చెబుతుంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల చేరువలో ఉన్నారు. ఆ మధ్యకాలంలో ఉత్పత్తి తగ్గలేదు సరికదా, రెండు కోట్ల టన్నుల లోపు నుంచి ఏడు కోట్ల టన్నులకు ఎగబాకింది. భూగర్భ బావులు పోయి ఓపెన్‌కాస్టులు వచ్చాయి, తట్టా చెమ్మస్సు పోయి భారీ డంపర్లు వచ్చాయి. ఉద్యోగాలు తిన్నది వాతావరణ విధానం అనుకుంటే పొరపాటు. అది రాకముందే అవి పోయాయి. రేపు బొగ్గు నిజంగానే తగ్గేనాడు ఏం జరగకూడదో చెప్పడానికి మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చుట్టుపక్కల చెరకు రైతులు వేరే ఫ్యాక్టరీని వెతుక్కున్నారు, తర్వాత చెరకే మానుకున్నారు. కార్మికులు జీతాల కోసం ఏళ్లు తిరిగారు. ఆ మూసివేతకు వాతావరణంతో ఏ సంబంధమూ లేదు. తేదీ లేకుండా, ఏర్పాటు లేకుండా ఒక పెద్ద సంస్థ తలుపు మూస్తే ఊళ్లు ఏమవుతాయో మాత్రం అది చూపించింది. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. ఏ గని ఏ సంవత్సరం ముగుస్తుందో కంపెనీకి ఇప్పుడే తెలుసు, బొగ్గు నిల్వ లెక్క ఉంటుంది కాబట్టి. ఆ పట్టిక పక్కన ఆ ఊరి పిల్లలకు వచ్చే పని ఏమిటో రాసి పెట్టడానికి ఇరవై ఏళ్ల వ్యవధి ఉంది.

ప్రభుత్వానిది అయిన కంపెనీ మారగలదా అంటే డెన్మార్క్‌ను చూడాలి. అక్కడి డాంగ్ అనే సంస్థ 2006 ప్రాంతంలో ఐరోపాలో బొగ్గు బాగా కాల్చే కంపెనీల్లో ఒకటి. సగానికి పైగా వాటా ప్రభుత్వానిదే, ఎన్టీపీసీలో మన కేంద్రానికి ఉన్నట్టే. తన విద్యుత్తులో 85 పాళ్లు బొగ్గు, చమురు లాంటి ఇంధనాల నుంచి, 15 పాళ్లు పునరుత్పాదక వనరుల నుంచి వస్తుంటే, ఆ లెక్కను తిరగేస్తానంది. ఒక తరం పడుతుందనుకున్నది పదేళ్లలో అయింది. పేరు ఓర్‌స్టెడ్ అని మార్చుకుంది. 2024లో తన చివరి బొగ్గు కేంద్రం మూసేసింది. సముద్రంలోని గాలిమరల కరెంటుకు అక్కడి ప్రభుత్వాలు ఏళ్ల తరబడి ఖాయమైన ధర ఇచ్చాయి, అందుకే సాధ్యమైంది. డెన్మార్క్ చిన్న దేశం, ధనిక దేశం, మనకు పోలిక కాదని మీరనవచ్చు. వేగంలో పోలిక కాదు, ఒప్పుకుంటాను. యజమాని ప్రభుత్వమైనప్పుడు దారి మళ్లించే చుక్కాని ఎవరి చేతిలో ఉంటుందో చెప్పడానికి మాత్రం సరిపోతుంది. ఎన్టీపీసీ కూడా 2032 నాటికి 60,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు అని లక్ష్యం పెట్టుకుంది. మంచిదే. అదే కాలంలో బొగ్గు ఎంత కాలుస్తుందన్న రెండో అంకె కూడా అంతే పెద్ద అక్షరాల్లో రాయాలి.

ఇప్పుడు మన పొలంలోకే వచ్చే ఒక వ్యవహారం. దీని దగ్గర కొంచెం ఆగుదాం. నీరు నిలిచిన వరి మడిలో మట్టికి గాలి అందదు, అక్కడి సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. కార్బన్ డై ఆక్సైడ్ కంటే అది చాలా ఘాటుగా వేడిని పట్టి ఉంచే వాయువు. దీన్ని తగ్గించడానికి తడి-ఆరుతడి అని ఒక పద్ధతి ఉంది. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టానికి చిల్లులు పెట్టి మడిలో పాతుతారు. గొట్టంలో నీటిమట్టం మట్టికి అరడుగు కిందికి దిగాక మళ్లీ నీళ్లు పెడతారు. పూత దశలో మాత్రం ఆరనివ్వరు. దిగుబడి పెద్దగా తగ్గదు, మీథేన్ మూడో వంతుకు పైగా తగ్గుతుంది, నీరూ కలిసొస్తుంది. ఇంతవరకు అంతా లాభమే. ఇక్కడ కంపెనీ ప్రవేశిస్తుంది. రైతులు తగ్గించిన ప్రతి టన్నుకు ఒక కార్బన్ క్రెడిట్ లెక్కగట్టి, దాన్ని ఎక్కడో ఒక చమురు కంపెనీకో విమాన సంస్థకో అమ్ముతారు. కొన్న కంపెనీ తన పొగ తాను తగ్గించకుండానే తగ్గించినట్టు రాసుకుంటుంది. లెక్క ఎంత పలచనిదో చైనా చూపించింది. అక్కడి వరి పొలాల పేరిట నడిచిన 37 ప్రాజెక్టులను, క్రెడిట్లు నమోదు చేసే వెర్రా అనే సంస్థ 2024లో రద్దు చేసింది. వాటిలో కొన్నింటితో షెల్ చమురు కంపెనీకి సంబంధం ఉంది. మడి ఆరబెట్టిన రైతు చేతికి ఏమొచ్చిందో ఆ నివేదికల్లో వెతకాలి.

రైతుకు డబ్బు రావద్దని నేననడం లేదు. రావాలి. కాలువ నీటి కింద ఉన్న రైతు తన ఇష్టానికి మడి ఆరబెట్టలేడు, వంతు వచ్చినప్పుడు పెట్టుకోవాలి. బావి కింద రైతుకు ఆ వీలుంది గానీ కలుపు పెరుగుతుంది, కైకిలు ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. పొలాస వ్యవసాయ పరిశోధన కేంద్రం లాంటి చోట కొలిచి, ప్రభుత్వం ద్వారా ఇచ్చే ప్రోత్సాహకంగా అది వస్తే సంతోషం. కంపెనీ ఇచ్చినా సంతోషమే, ఒక షరతు మీద: రైతు తగ్గించిన టన్ను రైతు ఖాతాలోనే ఉండాలి, కంపెనీ పొగకు మాఫీ పత్రం కాకూడదు. సన్నకారు రైతు అయిదు గుంటల్లో మిగిల్చింది తీసుకుపోయి రిఫైనరీ లెక్కలో జమ చేసుకోవడం, కౌలు రైతు ధాన్యం భూస్వామి గరిసెలో పోసినట్టే.

పచ్చ రంగు పూసుకున్న ప్రతి కర్మాగారానికీ ఊరు దండ వెయ్యనక్కర లేదని కూడా ఈ మధ్య మన జిల్లాలే చెప్పాయి. పెట్రోలులో ఇథనాల్ కలపడం వాతావరణానికి మంచిదని దేశం ఇరవై శాతం దాకా పోయింది. జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో ఇథనాల్ కర్మాగారం అన్నప్పుడు ఊళ్లు ఎదురు తిరిగాయి. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో రోడ్డెక్కాయి. నీళ్లు ఎన్ని తోడతారు, వ్యర్థం ఎక్కడ వదులుతారు అని వాళ్లు అడిగారు. అభివృద్ధికి అడ్డుపడుతున్నారన్న నింద వినబడింది. అడిగినదానికి అంకెలతో జవాబు ముందే ఇచ్చి ఉంటే ఆ గొడవలో సగం ఉండేది కాదు. సిరిసిల్లది ఇంకో తరహా. అక్కడ ముప్పై వేలకు పైగా సాంచాల్లో ఎక్కువ వాటి మీద నడిచేది పాలిస్టర్ నూలు, అది పుట్టేది ముడిచమురు నుంచి. సాంచాలున్న ఆసామి తన చేతికి వచ్చిన నూలుతో గుడ్డ నేస్తాడు, దాని కార్బన్ లెక్క అతని తలకు చుట్టడం అన్యాయం. నూలు చేసే కంపెనీల్లో రిలయన్స్ లాంటివి ఉన్నాయి, అది 2035 నాటికి నికర కార్బన్ సున్నా అని 2020లోనే ప్రకటించుకుంది. సొంత ఆవరణలోని పొగ వేరు, అమ్మిన సరుకు వెంట పోయే పొగ వేరు. లెక్క చెప్పేటప్పుడు రెండూ చెప్పాలి.

మరి చట్టం ఏమంటోంది? మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం 2022-23 నుంచి స్టాక్ మార్కెట్‌లోని మొదటి 1000 కంపెనీలు తమ పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలి. సొంతంగా విడిచేది, కొన్న కరెంటు వల్ల విడిచేది అందులో చెప్పి తీరాలి. అమ్మిన సరుకు వల్ల వచ్చే పొగ చెప్పడం ఐచ్ఛికం. అంటే చమురు కంపెనీ విషయంలో కొండంత భాగం ఐచ్ఛికంలో పడింది. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం తెచ్చారు. ముందుగా లక్ష్యాలు పెట్టిన రంగాల్లో సిమెంటు, అల్యూమినియం, కాగితం ఉన్నాయి. బొగ్గు విద్యుత్తు లేదు. నియమం ఉంటేనే సరిపోదనడానికీ ఒక ఉదాహరణ ఉంది. బొగ్గు కేంద్రాల గొట్టాల నుంచి వచ్చే సల్ఫర్ డై ఆక్సైడ్ తగ్గించాలని పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో నియమం పెట్టి రెండేళ్ల గడువిచ్చింది. గడువు మీద గడువు పెరిగి, చివరికి 2025 జూలైలో ఎక్కువ కేంద్రాలకు ఆ యంత్రాలే అక్కర లేదన్నారు. అది వేరే వాయువు, వేరే వాదన. ఆ మినహాయింపుకు కొందరు నిపుణుల సమర్థనా ఉంది. పదేళ్ల పాటు నియమం కాగితం మీద ఉండి, పాటించి ఖర్చు పెట్టినవాడు, పెట్టనివాడు ఒకే వరుసలో నిలిచారన్నదే నాకు కనబడే సంగతి.

వినేవారికి ఇందులో పని ఏముంది అంటే, ఒక తలుపు తెరిచే ఉంది. ఎన్టీపీసీ కరెంటు ధర ఢిల్లీలోని కేంద్ర నియంత్రణ మండలి ఖరారు చేస్తుంది. దాన్ని కొనాలన్న డిస్కమ్ ఒప్పందానికి మాత్రం హైదరాబాదులోని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదం కావాలి. ఛార్జీల మీద మండలి ఏటా బహిరంగ విచారణ జరుపుతుంది. రైతు సంఘాలు, మరమగ్గాల సంఘాలు అక్కడ మాట్లాడిన సందర్భాలు చాలా ఉన్నాయి. సిరిసిల్ల ప్రాంతానికి 1970 నుంచి కరెంటిస్తున్న సహకార సంఘం ‘సెస్’ ఉండనే ఉంది. దేశంలో మొట్టమొదట మొదలైన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అది ఒకటి, దాని సభ్యులే దాని యజమానులు. 2030లో మొదలయ్యే బొగ్గు యూనిట్‌కు ఇరవై అయిదేళ్ల ఒప్పందం రాస్తే 2055 దాకా మనం దాని స్థిర ఛార్జీ కట్టాలి, కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా. ఆ ఒప్పందం ఆమోదానికి వచ్చిన రోజున, అంతే కరెంటు నిల్వతో కూడిన సౌర విద్యుత్తుగా కొంటే యూనిట్ ఎంత పడుతుందో లెక్క పక్కన పెట్టమని రాతపూర్వకంగా అడగవచ్చు. అందుకు వకీలు అక్కర లేదు. నోటీసు పత్రికల్లో వస్తుంది, అభ్యంతరాలు పంపే చివరి తేదీ అందులోనే ఉంటుంది.